1/70 కోర్టు: అపోహలు, వాస్తవాలు

ఏజెన్సీలో గిరిజనేతరుల చేతికి వెళ్లిన భూముల కేసులు విచారించే గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టు ఫైళ్లు చూసే ఉద్యోగం నాది. 1/70 కోర్టంటే ఇదే. బయట వినిపించే మాటలకూ లోపల జరిగే పనికీ పొంతన ఉండదు.

అపోహ: ఇది కులపెద్దల పంచాయితీ లాంటిది.
వాస్తవం: కాదు. 1959 నాటి భూ బదలాయింపు రెగ్యులేషన్ కింద నడిచే విచారణ ఇది. దాన్ని సవరించిన 1970 నాటి 1వ రెగ్యులేషనే 1/70. తీర్పు మీద అప్పీలుంది, ఆపైన ప్రభుత్వానికి రివిజన్ ఉంది.

అపోహ: భూమి తనదేనని గిరిజనుడే నిరూపించుకోవాలి.
వాస్తవం: ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం ముందుగానే భావిస్తుంది. కాదని చూపాల్సింది ఆ గిరిజనేతరుడే. అందుకే ఆయన వేసే కౌంటరు (రాతపూర్వక జవాబు) వెంట పాత పహాణీలు (సాగు రికార్డులు), శిస్తు రసీదులు కట్టలుగా వస్తాయి. కరెంటు బిల్లుతో గట్టెక్కుదామనుకునేవారూ ఉన్నారు. కరెంటు వాడినట్టు బిల్లు చెబుతుంది గానీ భూమి ఎలా వచ్చిందో చెప్పదు కదా!

అపోహ: గిరిజనేతరుల మధ్య జరిగిన అమ్మకానికి 1/70 వర్తించదు.
వాస్తవం: 1970 ఫిబ్రవరి 3 నుంచి అమ్మేది ఎవరైనా, కొనేది గిరిజనుడో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘమో కావాలి. లేకపోతే రిజిస్టరైన దస్తావేజు కూడా చెల్లదు. గిరిజనుడి పేరు అడ్డుపెట్టుకున్న బినామీ కొనుగోలూ అంతే. వారసత్వం, కుటుంబ పంపకం మాత్రం బదలాయింపు కిందికి రావు. గిరిజనేతరులందరినీ ఖాళీ చేయిస్తారంటూ భయపెట్టేవారు ఈ సంగతి చెప్పరు.

అపోహ: బాధితుడు పిటిషన్ వేస్తేనే కేసు.
వాస్తవం: ప్రభుత్వోద్యోగి రాతపూర్వకంగా తెలిపినా చాలు. అధికారి తనంతట తానుగానూ చేపట్టవచ్చు.

అపోహ: ఆర్డరు వస్తే భూమి వచ్చినట్టే.
వాస్తవం: నా తలనొప్పి అంతా ఇక్కడే. నోటీసు సరిగా అందలేదంటే అప్పీల్లో ఆర్డరు నిలవడం కష్టం. తలుపుకు అంటించామంటే కుదరదు, ఏ రోజు, ఎవరి ఎదుట అన్నది సాక్షుల సంతకాలతో ఫైల్లో ఉండాలి. వాయిదా వేసేముందు సంత ఏ రోజో చూస్తాను. సంతకు ఎలాగూ కొండ దిగుతారు, బస్సు ఖర్చు కలిసివస్తుంది. వాగు పొంగిన రోజుల్లో ఎవరైనా రాకపోతే, గైర్హాజరు రాసేముందు దారి ఉందో లేదో ఫోను చేసి కనుక్కుంటాం. కోయ భాష తప్ప రాని ముసలమ్మ వాంగ్మూలానికి ఎదుటి పక్షం వారి పాలేరే దుబాసీగా తయారవుతాడు. అతన్ని బయటికి పంపి వేరే మనిషిని వెతకాలి.

తీర్పు తర్వాత తహసీల్దారు సిబ్బంది సర్వేయరుతో వెళ్లి, హద్దులు చూపి, పంచనామా రాసి భూమి అప్పగించాలి. నాలుగు దిక్కుల హద్దులు లేకుండా 'ఫలానా సర్వే నంబరులో రెండెకరాలు అప్పగించడమైనది' అని ఒక్క వాక్యంతో వచ్చే పంచనామా నాకు బొత్తిగా నచ్చదు. వచ్చే దుక్కికి గట్టు జరిగితే ఆ కాగితం దేనికి? హద్దులు రాయమని తిప్పి పంపుతాను. అమ్మిన గిరిజనుడు తిరిగి తీసుకోనన్నా, ఆచూకీ లేకపోయినా భూమి కొన్నవారికే మిగిలిపోదు, వేరే గిరిజనుడికి కేటాయించవచ్చు.

ఆర్డరు నకలుకు వచ్చేవారు కేసు నంబరుతో పాటు సంవత్సరం కూడా రాసుకుని రండి. 'మా నాన్న కేసు' అంటే బీరువాలో వెతకలేం.