గంజాయి మరక: సైన్యం ఇచ్చిన చెడ్డ కాగితం ఎందుకు మారడం లేదు?

గంజాయిని హెరాయిన్‌తో కలిపి ఉంచిన అత్యంత కఠినమైన మత్తుపదార్థాల జాబితా షెడ్యూల్ 1 నుంచి తీసి, కాస్త సడలింపున్న షెడ్యూల్ 3లో పెట్టాలని అమెరికా న్యాయ శాఖ 2024 మేలో ప్రతిపాదించింది. ఆ ఫైలు కదిలినప్పుడల్లా ఒక పాత గొడవ కూడా లేస్తోంది. ఇవాళ దాదాపు సగం రాష్ట్రాల్లో లైసెన్సు దుకాణాల్లో బిల్లు ఇచ్చి మరీ అమ్ముతున్న సరుకు అది. ఎప్పుడో ఇరవై ఏళ్ల వయసులో దాన్ని తాగినందుకు సైన్యం బయటికి పంపిన మాజీ సైనికులు, మా డిశ్చార్జ్ కాగితం ఇప్పటికైనా మార్చండని అడుగుతున్నారు. చాలామందికి వస్తున్న జవాబు ఒకటే. అప్పటి నిబంధనల ప్రకారం అంతా సరిగ్గానే జరిగింది, మార్చడానికి ఏమీ లేదు.

ఆ కాగితం పేరు డీడీ-214. సైన్యం వదిలిన ప్రతి ఒక్కరికీ ఇస్తారు. అందులో సర్వీసు ఎలాంటిదో ఒక్క ముక్కలో రాసి ఉంటుంది. ఆనరబుల్ అని ఉంటే అన్నీ వస్తాయి. ఒక మెట్టు కింద జనరల్ అని ఉంటే వైద్యం ఉంటుంది కానీ చదువు ఖర్చులిచ్చే జీఐ బిల్లు సాయం పోతుంది. అదర్ దేన్ ఆనరబుల్, అంటే ఓటీహెచ్ అని ఉంటే మాజీ సైనికుల శాఖ గుమ్మం దగ్గరే ఆపి, నువ్వు మాజీ సైనికుడివేనా అని విడిగా విచారిస్తుంది. ఓటీహెచ్ ఇవ్వడానికి కోర్టు మార్షల్ అక్కర్లేదు, పై అధికారుల స్థాయిలో ఆఫీసు విచారణ చాలు. సైనికులు దీన్ని బ్యాడ్ పేపర్ అంటారు. ఉద్యోగానికి వెళ్తే చాలాచోట్ల దీన్ని అడుగుతారు. ఆర్నెల్లు ఆగితే దానంతటదే ఆనరబుల్ అయిపోతుందని బ్యారక్స్‌లో తరతరాలుగా ఒక మాట తిరుగుతోంది. అది ఒట్టి పుకారు. అడగనిదే ఏదీ మారదు, అడిగినా మారుతుందన్న హామీ లేదు.

ఈ కాగితాలను తిరగదోడే బోర్డులు రెండో ప్రపంచ యుద్ధం చివర్లోనే పుట్టాయి. ఇవాళ్టి చిక్కుముడి పడింది 1981లో.

ఆ ఏడాది మే 26 రాత్రి, ఫ్లోరిడా తీరానికి దూరంగా సముద్రంలో ఉన్న యూఎస్ఎస్ నిమిట్జ్ అనే విమానవాహక నౌక మీద దిగబోయిన ఈఏ-6బీ ప్రౌలర్ విమానం డెక్ మీద కూలింది. 14 మంది చనిపోయారు, 40 మందికి పైగా గాయపడ్డారు. పోస్ట్‌మార్టంలో డెక్ సిబ్బందిలో కొందరి శరీరాల్లో గంజాయి ఆనవాళ్లు కనిపించాయి. ప్రమాదానికి గంజాయే కారణమని నేవీ తేల్చలేదు. పైలట్ రక్తంలో మోతాదు మించి కనిపించింది జలుబు మందు. అయినా పత్రికల్లో, పార్లమెంటు కమిటీల్లో నిలిచిన మాట గంజాయే. నేవీ అధిపతి అడ్మిరల్ థామస్ హేవర్డ్ నా నేవీలో ఇది కుదరదని ప్రకటించారు. అదే ఏడాది డిసెంబర్ 28న రక్షణ శాఖలో రెండో స్థానంలో ఉన్న ఫ్రాంక్ కార్లూచీ ఒక మెమో మీద సంతకం పెట్టారు. యూరిన్ టెస్ట్ ఫలితాన్ని శిక్షకు, డిశ్చార్జ్‌కు సాక్ష్యంగా వాడుకోవచ్చన్నది దాని సారం.

ఇందులో కొత్తేముంది అనిపించవచ్చు. కొత్తే. అంతకు ముందు పదేళ్లూ ఆ మూత్రం సీసా ఎక్కువగా వెళ్లింది డాక్టరు చేతికి.

1971 మేలో వియత్నాం నుంచి తిరిగొచ్చిన ఇద్దరు కాంగ్రెస్ సభ్యులు, రాబర్ట్ స్టీల్, మోర్గన్ మర్ఫీ, అక్కడి అమెరికా సైనికుల్లో 10 నుంచి 15 శాతం మంది హెరాయిన్‌కు బానిసలయ్యారని చెప్పి దేశాన్ని ఉలిక్కిపడేలా చేశారు. జూన్ 17న నిక్సన్ మాదకద్రవ్యాలను ప్రజల శత్రువుల్లో మొదటిదన్నారు. వియత్నాం నుంచి ఇంటికి విమానం ఎక్కే ప్రతి సైనికుడూ సీసా నింపి ఇచ్చి కదలాలన్నారు. కుర్రాళ్లు దానికి ఆపరేషన్ గోల్డెన్ ఫ్లో అని పేరు పెట్టుకున్నారు. పాజిటివ్ వస్తే విమానం ఎక్కనిచ్చేవాళ్లు కాదు, అక్కడే ఉంచి ఒళ్లు కుదుటపడేదాకా చూసేవాళ్లు. శిక్ష మాత్రం లేదు. తర్వాత వాళ్ల వెంటపడి అధ్యయనం చేసిన లీ రాబిన్స్ కనుగొన్నది అప్పటి వైద్యులకే మింగుడుపడలేదు. అక్కడ బానిసలైనవాళ్లలో ఎక్కువ మంది ఇంటికొచ్చాక మళ్లీ ఆ అలవాటులో పడలేదు.

అదే ఏడాది ఆగస్టులో రక్షణ మంత్రి మెల్విన్ లెయిర్డ్ ఇంకో అడుగు వేశారు. కేవలం సొంత వాడకానికి, లేదా సొంతానికి దగ్గర పెట్టుకున్నందుకు చెడ్డ డిశ్చార్జ్ పొందినవాళ్ల ఫైళ్లు తిరిగి చూడమని, తగినవాళ్లకు జనరల్‌గా మార్చమని సైనిక విభాగాలకు చెప్పారు. మత్తు కేసుల కోసమే ప్రత్యేకంగా రాసిన అప్‌గ్రేడ్ ఆదేశం అది. అంటే ఇవాళ మాజీ సైనికులు అడుగుతున్నది వింత కోరికేమీ కాదు. నిక్సన్ సర్కారులోని రక్షణ మంత్రి 1971లోనే ఇచ్చినదాన్నే మళ్లీ అడుగుతున్నారు. బోర్డుల తరఫున మాట్లాడేవాళ్లు ఈ మెమో పేరు ఎత్తడం నేనైతే ఎక్కడా చదవలేదు.

కోర్టులూ కొన్నాళ్లు అటే నడిచాయి. బలవంతంగా మూత్రం ఇమ్మనడం తనకు వ్యతిరేకంగా తననే సాక్ష్యం చెప్పమనడమేనని 1974లో సైనిక అప్పీళ్ల కోర్టు రూయిజ్ కేసులో తేల్చింది. ఆ తరహా టెస్టుల ఆధారంగా చెడ్డ కాగితాలు పొందిన ఆర్మీ మాజీలకు ఆనరబుల్ ఇవ్వాల్సిందేనని 1980లో వాషింగ్టన్ ఫెడరల్ అప్పీల్ కోర్టు జైల్స్ కేసులో చెప్పింది. ఏడాది తిరిగేసరికి నిమిట్జ్ ప్రమాదం, దాని వెనకే కార్లూచీ మెమో. 1983లో మాదకద్రవ్యాల నేరాన్ని 112ఏ అనే విడి సెక్షన్‌గా సైనిక శిక్షాస్మృతిలో చేర్చారు.

సైన్యం వాదన కూడా చెప్పుకోవాలి. నెల రోజుల్లో ఏదో ఒక మత్తుపదార్థం వాడామని 1980 సర్వేలో 27.6 శాతం మంది సైనికులు ఒప్పుకున్నారు. 1992 నాటికి అది 3.4 శాతానికి పడిపోయింది. ఆయుధాలు, విమానాలు, అణు జలాంతర్గాములు చేతిలో ఉన్న సంస్థ ఈ అంకెను చూపించి, మా పద్ధతి పనిచేసింది కదా అంటుంది. పనిచేసింది, నిజమే. పట్టుబడ్డవాళ్లందరినీ ఒకే గాటన కట్టడం వల్లే పనిచేసిందా అన్నదానికి ఆ అంకెలో జవాబు లేదు.

ఎందుకంటే ఆ సీసా అందరినీ ఒకేలా పట్టుకోదు. కొకైన్ రెండు మూడు రోజుల్లో మూత్రం నుంచి వెళ్లిపోతుంది. రోజూ గంజాయి తాగేవాడిలో వారాల తరబడి ఆనవాళ్లు ఉండిపోతాయి. శనివారం రాత్రి బ్యారక్స్‌లో విస్కీ సీసాలు ఖాళీ చేసినవాడికి సోమవారం పొద్దున ఏ టెన్షనూ లేదు. ఆ పరీక్ష మద్యం కోసం చూడదు.

ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాలొచ్చాక ఈ లెక్క బాగా తేడా కొట్టింది. నిద్ర పట్టక, పేలుళ్ల పీడకలలు ఆగక, దొరికినదానితో తమను తాము జోకొట్టుకున్నవాళ్లు యూరిన్ టెస్టులో దొరికిపోయారు. టైసన్ మాంకర్ 2003 ఇరాక్ దాడిలో పాల్గొన్న మెరైన్. తిరిగొచ్చాక ఒక్కసారి గంజాయి తాగినందుకు ఓటీహెచ్ ఇచ్చి పంపారు. ఆయన తర్వాత లాయరయ్యారు. ఆ కాగితం మార్చమని పెట్టుకున్న అర్జీని నేవీ బోర్డు కొట్టేసింది. 2018లో యేల్ లా స్కూల్ క్లినిక్ సాయంతో కనెక్టికట్ ఫెడరల్ కోర్టుకెక్కారు. కోర్టు దాన్ని ఆయనలాంటి వేలమంది తరఫున కేసుగా ఒప్పుకుంది.

ఆయన ఒక్కడి కథ కాదనడానికి ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2017లో ఇచ్చిన లెక్కే చాలు. 2011 నుంచి 2015 దాకా దుష్ప్రవర్తన పేరుతో పంపించేసినవాళ్లు 91,764 మంది. వాళ్లలో 57,141 మందికి, అంటే 62 శాతానికి, బయటికి పంపడానికి ముందు రెండేళ్లలోపే పీటీఎస్‌డీ (చేదు అనుభవాలు వెంటాడే మానసిక జబ్బు), తల దెబ్బ, మద్యం లేదా మత్తు అలవాటు, డిప్రెషన్ లాంటివేవో ఉన్నాయని సైన్యం సొంత డాక్టర్లే రాశారు. ఆ 57 వేల మందిలో 23 శాతానికి ఓటీహెచ్ ఇచ్చారు.

రక్షణ శాఖకు ఇది తెలియక కాదు. 2014 సెప్టెంబర్‌లో రక్షణ మంత్రి చక్ హేగెల్, పీటీఎస్‌డీ ఉన్న వియత్నాం మాజీల అర్జీలను ఉదారంగా చూడమన్నారు. 2017 ఆగస్టులో రక్షణ శాఖ ఉన్నతాధికారి కర్టా ఇచ్చిన మెమో దాన్ని విస్తరించి బోర్డులకు నాలుగు ప్రశ్నలిచ్చింది. అతనికి ఏదైనా జబ్బో చేదు అనుభవమో ఉందా, అది సర్వీసులో ఉండగానే వచ్చిందా, తప్పుకు అది కారణమై ఉంటుందా, తప్పు కన్నా అది బరువైనదా. ఉన్నట్టుండి మత్తు మొదలవడమే జబ్బుకు సాక్ష్యం కావచ్చని కూడా అందులో ఉంది. 2018 జులైలో అదే శాఖ ఉన్నతాధికారి విల్కీ ఇచ్చిన మెమో అయితే గంజాయి పేరే ఎత్తింది. సైన్యంలో అది ఇప్పటికీ నేరమే గానీ, కొన్ని రాష్ట్రాల్లో చట్టబద్ధం అయింది కాబట్టి, మిగతా సానుకూల అంశాలతో కలిపి చూసినప్పుడు దశాబ్దాల కిందటి కన్నా తక్కువ తీవ్రంగా తీసుకోవచ్చని చెప్పింది.

కాగితం మీద ఇంత ఉన్నా బోర్డు గదిలో 1981 పోలేదు. అధికారులు చేసింది సక్రమమేనన్న భావనతోనే విచారణ మొదలవుతుంది. కాదని చూపించే భారం అర్జీదారుడిదే. చూపించడానికి అతని దగ్గర ఉండేది ఇరవై ఏళ్ల కిందటి వైద్య రికార్డు. చాలామంది ఆ రోజుల్లో డాక్టరు దగ్గరికే వెళ్లలేదు. వెళ్తే పిరికివాడంటారని భయం. నాలుగు ప్రశ్నల్లో మూడో ప్రశ్న దగ్గరే ఎక్కువ అర్జీలు చచ్చిపోతాయని వాళ్ల లాయర్లు అంటారు. జబ్బు ఉందని ఒప్పుకుంటారు, తప్పుకూ దానికీ సంబంధం కనిపించలేదని రెండు లైన్లలో ముగిస్తారు. సమాధానం చెప్పకుండా ఇలా తోసిపుచ్చడం మీదే ఆర్మీపై కెన్నెడీ అనే మాజీ సైనికుడి కేసు, నేవీపై మాంకర్ కేసు నడిచాయి. రెండూ రాజీతో ముగిశాయి. కొట్టేసిన వేల అర్జీలను మళ్లీ చూస్తామని, ఎందుకు కాదంటున్నామో వివరంగా రాస్తామని సైన్యం ఒప్పుకుంది. మళ్లీ చూస్తామన్నారు, మారుస్తామనలేదు.

ఆ పాత డాక్టరు తరం ఆనవాలు ఒకటి మాత్రం ఆర్మీ నిబంధనల్లో ఇంకా బతికుంది. సైనికుడు తనంతట తానే వెళ్లి, నాకు అలవాటైంది, చికిత్స ఇప్పించండి అంటే, ఆ మాటను అతని డిశ్చార్జ్‌ను దిగజార్చడానికి వాడకూడదు. పొరపాటున ఫైల్లో వాడితే ఆనరబుల్ ఇవ్వాల్సిందే. ఫైలు మొత్తం తిరగేసి ఆ ఒక్క కాగితం పట్టుకుని గెలిచినవాళ్లు ఉన్నారు. అర్జీ పెట్టేవాళ్లకు లాయర్లు ముందు చెప్పేది అదే, జాలి కథ తర్వాత, ముందు ఫైలు తెప్పించుకో అని.

ఇంతకీ బయట కోపం పెరగడానికి దగ్గరి కారణం ఈ బోర్డులు కూడా కాదు, రిక్రూటింగ్ సెంటర్లు. కుర్రాళ్లు దొరక్క 2022లో ఎయిర్ ఫోర్స్ కొత్త పద్ధతి పెట్టింది. చేరేటప్పుడు గంజాయి పాజిటివ్ వచ్చినా కొన్నాళ్లాగి మళ్లీ పరీక్షకు రావచ్చు. చేరకముందు దొరికితే ఇంకో అవకాశం, యుద్ధం చేసొచ్చాక దొరికితే జీవితాంతం మరక. బైడెన్ 2022లో, 2023లో గంజాయి కేసులకు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు కూడా సైనిక శిక్షాస్మృతి కింద దోషులైనవాళ్లు అందులోకి రాలేదు. 2024 జూన్‌లో పాత 125వ సెక్షన్ కింద స్వలింగ సంబంధాలకు శిక్షపడిన మాజీలను క్షమించారు. 112ఏ జోలికి మాత్రం పోలేదు.

మనవాళ్లకు ఇందులో ఒక ప్రమాదం ఉంది. గ్రీన్ కార్డుతో చేరిన కుర్రాళ్లకు సైన్యం పౌరసత్వానికి దగ్గరి దారి. అలా తెచ్చుకున్న పౌరసత్వాన్ని, ఐదేళ్లు మంచి సర్వీసు పూర్తికాక ముందే ఓటీహెచ్‌తో బయటికొస్తే, రద్దు చేసే వీలు చట్టంలో ఉంది. తోటి అమెరికన్ కుర్రాడికి పోయేది చదువు డబ్బు. మన కుర్రాడికి దేశమే పోవచ్చు.

ఈ గొడవకు ఇంకో తొందర కూడా ఉంది. డిశ్చార్జ్ రివ్యూ బోర్డుకు అర్జీ పెట్టడానికి గడువు 15 ఏళ్లు. అఫ్గానిస్తాన్‌లో దళాలు లక్షకు చేరిన రోజుల్లో అక్కడ పనిచేసి, 2011లో బ్యాడ్ పేపర్‌తో ఇంటికి చేరినవాళ్లకు ఆ గడువు 2026తో అయిపోతుంది. ఆ తర్వాత మిగిలేది రికార్డుల దిద్దుబాటు బోర్డు. అక్కడ గడువు మూడేళ్లే, ఆలస్యాన్ని మన్నించమని ముందు విడిగా అడుక్కోవాలి. పైగా ఎదురుగా కూర్చుని చెప్పుకునే అవకాశం అక్కడ అరుదు. ఎక్కువగా ఫైలు చూసే తీర్పు రాస్తారు.