పాత ఆరోపణ, పాడుకాని సాక్ష్యం

2004 ఆగస్టు 18. ఏథెన్స్ ఒలింపిక్స్‌లో షాట్‌పుట్ పోటీని నగరంలోని స్టేడియంలో కాకుండా ప్రాచీన ఒలింపియా మైదానంలో పెట్టారు. అమెరికా క్రీడాకారుడు ఆడమ్ నెల్సన్ మొదటి ప్రయత్నంలోనే గుండును 21.16 మీటర్లు విసిరాడు. ఆ తర్వాత ఐదూ ఫౌల్. ఆఖరి రౌండులో ఉక్రెయిన్‌కు చెందిన యూరీ బిలనోగ్ కూడా సరిగ్గా 21.16 మీటర్లే విసిరాడు. దూరాలు సమానమైతే ఇద్దరి రెండో మెరుగైన విసురును పోలుస్తారు. నెల్సన్‌కు రెండో విసురే లేదు. స్వర్ణం బిలనోగ్‌కు దక్కింది.

ఆనాటి పరీక్షలో బిలనోగ్ మూత్రంలో ఏమీ దొరకలేదు. ఎనిమిదేళ్లు గడ్డకట్టించి ఉంచిన అదే మూత్రాన్ని 2012లో మళ్లీ పరీక్షిస్తే ఆక్సాండ్రలోన్ అనే స్టెరాయిడ్ ఆనవాలు బయటపడింది. ఆ డిసెంబరులో పతకం రద్దయింది. 2013లో నెల్సన్‌కు తన స్వర్ణపతకం అట్లాంటా విమానాశ్రయంలో, తిండి దుకాణాల మధ్య, ఒక ఒలింపిక్ కమిటీ అధికారి చేతుల మీదుగా అందింది.

ఒక ఆటగాడి మీద పాత ఆరోపణ లేచిన ప్రతిసారీ మనలో రెండు మాటలు వినిపిస్తాయి. అభిమానులు ‘గతం గతః’ అంటారు. గిట్టనివాళ్లు ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అంటారు. రెండూ ఆరోపణ వయసునో, ఆరోపణ పుట్టడాన్నో చూస్తాయి తప్ప అది దేని మీద నిలబడిందో చూడవు. ఆవకాయ ఏడాది నిలవ ఉంటుంది, పెరుగు మూడో రోజుకే పులుస్తుంది. సాక్ష్యాలూ అంతే. కొన్ని పదేళ్లయినా చెక్కుచెదరవు, కొన్ని వారానికే రంగు మారతాయి. ఆటగాడి పేరు మీద పాత ఆరోపణ ఎంత బరువు వేయాలో తేల్చాల్సింది ఈ తేడాయే అని నా అభిప్రాయం.

నిలవ ఉండే సాక్ష్యాల్లో అన్నిటికన్నా గట్టిది ఆ మూత్రం సీసా. అది ఎలా తయారవుతుందో తెలిస్తే దాన్ని ఎందుకు నమ్మవచ్చో, ఎక్కడ నమ్మకూడదో రెండూ అర్థమవుతాయి.

పోటీ అయిన వెంటనే ఒక సహాయకుడు ఆటగాడి వెంట పడతాడు, కళ్లముందు నుంచి కదలనివ్వడు. డోపింగ్ పరీక్ష గదిలో సీలు వేసిన పాత్రలు కొన్ని ఉంటాయి, అందులో ఒకటి ఆటగాడే ఎంచుకోవాలి. మగవాళ్లకు మగ, ఆడవాళ్లకు ఆడ అధికారి ఎదురుగా నిలబడి మూత్రం శరీరంలోంచి పాత్రలోకి పడడం కళ్లారా చూడాలి. అందుకే చొక్కా రొమ్ము దాకా ఎత్తాలి, చేతులు మోచేతుల పైదాకా మడవాలి, ప్యాంటు మోకాళ్ల దాకా దించాలి. ఇబ్బందికరమైన పనే. కానీ వేరేవాళ్ల మూత్రం సంచిలో దాచి గొట్టంతో వదిలిన సందర్భాలు ఉన్నాయి గనకనే ఈ నియమం పుట్టింది.

కనీసం 90 మిల్లీలీటర్లు కావాలి. ముందు బి సీసాలో 30, తర్వాత ఎ సీసాలో 60 మిల్లీలీటర్లు ఆటగాడే పోస్తాడు. పాత్ర అడుగున కొంచెం మిగల్చాలి, దాంతో మూత్రం చిక్కదనం కొలుస్తారు. 150 మిల్లీలీటర్ల లోపు నమూనాలో విశిష్ట సాంద్రత 1.005 కన్నా తగ్గకూడదు. పోటీలో చెమటోడ్చిన ఆటగాడికి మూత్రం రాదు. రావడానికి లీటర్లకొద్దీ నీళ్లు తాగుతాడు. అప్పుడు వచ్చేది మరీ పల్చగా ఉండి పనికిరాదు, మళ్లీ కూర్చోవాలి. పతకం గెలిచిన రాత్రి చాలామందికి ఇలా గంటలు గడిచిపోతాయి.

సీసా మూత ఒకవైపే తిరుగుతుంది. లోపలి ఉక్కు పళ్లు ఒక్కొక్కటిగా బిగుసుకుంటూ టకటకమంటాయి. తర్వాత ల్యాబ్‌లో ప్రత్యేక యంత్రంతో మూతను పగలగొట్టి తీయాల్సిందే. సీసా మీద పేరు ఉండదు, సంఖ్య మాత్రమే. ఎ సీసాలో తేడా కనిపిస్తే ఆటగాడి సమక్షంలోనో, అతని ప్రతినిధి ముందో బి సీసా తెరుస్తారు. ఏమీ లేకపోతే ఒలింపిక్స్ నమూనాలు మైనస్ 20 డిగ్రీల చలిలోకి పోతాయి. 2015 దాకా ఎనిమిదేళ్లు, ఆ తర్వాత పదేళ్లు. ఆ గడువు లోపలే ఎవరి మీదైనా కేసు పెట్టగలరు.

అప్పుడు దొరకనిది ఇప్పుడెలా దొరుకుతుంది? యంత్రాలు చురుకయ్యాయన్నది సగం జవాబు. 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతున్న ఈతకొలనులో 25 లక్షల లీటర్ల నీళ్లు పడతాయి. అందులో అర చెంచా పంచదార, అంటే రెండున్నర గ్రాములు కలిపితే మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము చొప్పున తేలుతుంది. నాలుగే నాలుగు పంచదార పలుకులు వేస్తే మిల్లీలీటరుకు ఒక పికోగ్రాము. ఇప్పటి మాస్ స్పెక్ట్రోమీటర్లు కొన్ని పదార్థాల విషయంలో ఈ రెండో స్థాయి దాకా దిగగలవు.

మిగతా సగం జవాబు ఇంకా ఆసక్తికరం. ఏం వెతకాలో ముందు తెలియదు. ట్యూరినబాల్ అనే స్టెరాయిడ్‌ను 1960లలో తూర్పు జర్మనీలో తయారుచేశారు. దాన్ని మింగితే కాలేయం రకరకాలుగా మార్చి బయటికి పంపుతుంది. ఈ శకలాల్లో చాలావరకు కొద్దిరోజుల్లో మాయమవుతాయి. పోటీకి కొన్ని వారాల ముందే మాత్రలు ఆపేస్తే ల్యాబ్‌కు దొరకమన్న లెక్క మీదే మోసం నడిచేది. 2012లో మాస్కో ల్యాబ్‌కు చెందిన సోబోలెవ్‌స్కీ, రోద్చెన్‌కోవ్ ఒక పరిశోధన ప్రచురించారు. ఎమ్3 అని పిలిచే ఒక శకలం చాలా తక్కువ మోతాదులో, కానీ చాలాకాలం పాటు మూత్రంలో కారుతూనే ఉంటుందని అందులో చూపించారు. రోజుల్లో ఉన్న గడువు వారాల్లోకి మారింది. పాత సీసాలను ఎమ్3 కోసం తిరగదోడితే బీజింగ్ 2008, లండన్ 2012 వెయిట్‌లిఫ్టింగ్ పట్టికలు కుప్పకూలాయి. ఆ రోద్చెన్‌కోవే తర్వాత తన దేశ ఆటగాళ్ల నమూనాలను తానే మార్పించానని బయటపెట్టాడు. అతని రసాయనశాస్త్రం మాత్రం నిజం, వేరే ల్యాబ్‌లూ దాన్నే పట్టుకుని వెళ్లాయి.

లండన్‌లో పురుషుల 94 కిలోల విభాగాన్ని చూడండి. మొదటి నాలుగు స్థానాల వాళ్లూ అనర్హులయ్యారు. ఐదో స్థానంలో నిలిచిన ఇరాన్ లిఫ్టర్ సయీద్ మొహమ్మద్‌పూర్‌కు స్వర్ణం వచ్చింది. కాంస్యం తొమ్మిదో స్థానం దాకా దిగింది. మహిళల 63 కిలోల్లో కెనడాకు చెందిన క్రిస్టీన్ జిరార్డ్ కాంస్యంతో ఇంటికి వెళ్లింది. పైనున్న ఇద్దరూ దొరికాక, 2018 డిసెంబరులో ఆమెకు స్వర్ణం ఇచ్చారు. బీజింగ్‌లో ఆమె నాలుగో స్థానం కూడా కాంస్యమైంది. పోటీల్లో ఉన్నన్నాళ్లూ ఒలింపిక్ చాంపియన్‌గా తనకు రావలసిన స్పాన్సర్లు, శిక్షణ డబ్బు ఆమెకు రానే లేదు. ‘పాత సంగతి వదిలేయండి’ అనేవాళ్లు ఒక్కసారి ఆమె వైపు నుంచి ఆలోచించాలి. మోసగాడి పరువు మనకు ఎదురుగా కనిపిస్తుంది, నాలుగో స్థానంలో ఆగిపోయినవాళ్ల జీవితం కనిపించదు.

సీసా కూడా చెడిపోవచ్చు. దారిలో వేడి తగిలితే బ్యాక్టీరియా పెరిగి స్టెరాయిడ్ల నిష్పత్తులను మార్చేస్తుంది, ఒక్కోసారి టెస్టోస్టెరాన్‌ను తానే పుట్టిస్తుంది. అందుకే బ్యాక్టీరియా చేరిందని చెప్పే సూచికలను ల్యాబ్ ముందు చూసుకుంటుంది. స్టెరాయిడ్లు చిన్న, గట్టి అణువులు, చలిలో ఏళ్ల తరబడి ఉంటాయి. ఈపీఓ లాంటి ప్రోటీన్ హార్మోన్లు అలా కావు, కరిగించి మళ్లీ గడ్డకట్టించిన ప్రతిసారీ కొంత దెబ్బతింటాయి. వీటి వల్ల తప్పుడు పాజిటివ్ కన్నా తప్పుడు నెగిటివ్ వచ్చే అవకాశమే ఎక్కువ. అంటే పదేళ్ల తర్వాత ఏమీ దొరకలేదంటే ఏమీ తీసుకోలేదని అర్థం కాదు.

సీసాను మనుషులూ చెడగొడతారు. 2014 సోచీ వింటర్ ఒలింపిక్స్‌లో ల్యాబ్ గోడకు చేసిన రంధ్రంలోంచి సీసాలు పక్కగదికి మారాయి. తెరవలేమన్న మూతలను రష్యా మనుషులు తెరిచారు, నెలల ముందు దాచిన శుభ్రమైన మూత్రం పోశారు, చిక్కదనం కలవడానికి ఉప్పు వేశారు. ఆ ఉప్పే వాళ్లను పట్టించింది. కొన్ని నమూనాల్లో సోడియం మనిషి శరీరంలో ఉండలేనంత ఎక్కువగా తేలింది. ఇద్దరు మహిళా ఐస్ హాకీ క్రీడాకారిణుల సీసాల్లో మగవాళ్ల డీఎన్‌ఏ కనిపించింది. మూతల లోపల గీతలున్నాయి. అయినా 2018 ఫిబ్రవరిలో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం 39 మంది అప్పీళ్లలో 28 మందిపై శిక్షలు కొట్టేసింది. పథకం ప్రకారం మోసం జరగడం వేరు, ఫలానా ఆటగాడికి అందులో భాగముందని రుజువు కావడం వేరు. చాలామందికి మింగుడుపడని తీర్పే, కానీ నాకు సరైనదే అనిపిస్తుంది. ముఠా మొత్తం మీద ఉన్న మచ్చను తీసుకొచ్చి ఒక్కొక్కరి నుదుట అంటించకూడదు.

అతి సూక్ష్మమైన పరీక్షకూ ఒక ప్రమాదం ఉంది. అమెరికా మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ చాంపియన్ జాన్ జోన్స్ 2017లో ట్యూరినబాల్‌తో పట్టుబడి శిక్ష అనుభవించాడు. తర్వాత 2018 డిసెంబరులో మళ్లీ పికోగ్రాముల్లో ఎమ్3 కనిపించింది. కొత్తగా మందు తీసుకున్న ఆధారం లేదని, పాత అవశేషమే వస్తూ పోతూ ఉందని నిపుణులు తేల్చారు. యంత్రం పదార్థం ఉందని చెబుతుంది. ఎప్పుడు, ఎలా, కావాలనా అన్నది చెప్పదు. ‘మళ్లీ దొరికిపోయాడు’ అన్న శీర్షిక చూసినప్పుడు మోతాదు ఎంత అని అడగడం పాఠకుడి హక్కు.

ఉసేన్ బోల్ట్ సంగతి ఇంకో రకం. 2008 బీజింగ్ 4×100 రిలేలో జమైకా 37.10 సెకన్లలో ప్రపంచ రికార్డు కొట్టింది. మొదటి లెగ్ పరిగెత్తిన నెస్టా కార్టర్ సీసాలో మిథైల్‌హెక్సేనమైన్ అనే ఉత్తేజకం పునఃపరీక్షలో దొరికింది. 2017 జనవరిలో జట్టు స్వర్ణం పోయింది, బోల్ట్ తొమ్మిది స్వర్ణాలు ఎనిమిదయ్యాయి. ఆ పదార్థం పేరు 2008 నిషేధిత జాబితాలో లేదని కార్టర్ వాదించాడు. జాబితాలో ఉన్న పదార్థాన్ని పోలిన రసాయన నిర్మాణం ఉంటే చాలని నియమం అప్పటికే ఉంది, అప్పీలు నెగ్గలేదు. పతకం వెనక్కి తీసుకోవడం న్యాయమే, ఎందుకంటే ఆ పరుగులో నాలుగో వంతు నిషేధిత మందుతో పరిగెత్తింది. దాన్ని బట్టి బోల్ట్ 100 మీటర్ల 9.69 సెకన్లను అనుమానించడం అన్యాయం. సాక్ష్యం ఎంతవరకు చెబుతుందో పేరు మీద దెబ్బ అంతవరకే పడాలి.

మాటల సాక్ష్యం సీసా లాంటిది కాదు. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ విద్యార్థులకు కార్ల ప్రమాదాల దృశ్యాలు చూపించి, వేగం ఎంతని అడిగారు. ‘తగిలినప్పుడు’ అని అడిగితే గంటకు సుమారు 32 మైళ్లన్నారు. ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ అంటే 40 దాటించారు. మరో ప్రయోగంలో వారం తర్వాత, పగిలిన అద్దం చూశారా అని అడిగితే, తీవ్రమైన మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలుగా ‘గుద్దుకున్నప్పుడు’ అన్న మాట విన్న 50 మందిలో ఏడుగురు. ఆ దృశ్యంలో పగిలిన అద్దమే లేదు. వాళ్లెవరూ అబద్ధమాడలేదు. జ్ఞాపకం ప్రతిసారీ కొత్తగా కట్టుకునే ఇల్లు, అడిగినవాడి మాట కూడా అందులో ఇటుకవుతుంది.

2000లో మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారం రెండు దారుల్లో నడవడానికి కారణం ఇదే. దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోనియే మాటలు ఢిల్లీ పోలీసుల ఫోన్ టేపులో ఉన్నాయి. ఏప్రిల్ 7న వాళ్లు బయటపెట్టారు, ముందు కాదన్నా నాలుగు రోజుల్లో డబ్బు తీసుకున్నట్టు ఒప్పుకున్నాడు. హైదరాబాదీ అజహరుద్దీన్ మీద అదే ఏడాది డిసెంబరులో, ఎక్కువగా మనుషుల మాటల మీద నిలబడిన సీబీఐ నివేదిక ఆధారంగా బీసీసీఐ జీవితకాల నిషేధం వేసింది. 99 టెస్టులాడిన మనిషికి నూరో టెస్టు లేకుండా పోయింది. 2012 నవంబరు 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. తీర్పు వచ్చిన తర్వాత కూడా కొట్టేసిన శిక్షనే అతని పేరుకు ముందు విశేషణంగా వాడుతూ పోవడం నాకు సమ్మతం కాదు.

అలాగని ఆలస్యంగా చెప్పిన మాటంతా పెరుగులా పులిసినదని కొట్టేయకూడదు. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడు లారీ నాసర్ మీద ఒక మాజీ జిమ్నాస్ట్ 2016లో, అంటే 16 ఏళ్ల తర్వాత, లైంగిక దాడి చేశాడని పోలీసులకు ఫిర్యాదు చేసింది. వెంట 2004లో ఒక నర్సుకు చెప్పుకున్నట్టున్న వైద్య రికార్డు, అప్పట్లో రాసుకున్న డైరీలు తీసుకెళ్లింది. ఇంకొందరు 1997 నుంచీ చెబుతూనే ఉన్నా పెద్దలు వినలేదు. చివరికి నాసర్ నేరం ఒప్పుకున్నాడు, 2018 జనవరిలో 40 నుంచి 175 ఏళ్ల శిక్ష పడింది. ఆలస్యానికి భయమో, వినని చెవులో కారణం కావచ్చు. ఆ రోజుల్లోనే రాసిన కాగితం, ఒకరికొకరు తెలియని బాధితులు ఒకే తీరు చెప్పడం, ఇవి దొరికితే మాటకు సీసా బలం వస్తుంది.

ఇప్పుడు కంప్యూటర్ రికార్డు కూడా సీసాలా పనిచేస్తోంది. మాస్కో ల్యాబ్ డేటాబేస్ 2019 జనవరిలో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ చేతికి వచ్చింది. అప్పగించే ముందు అందులో కొన్ని వరుసలు చెరిపేశారు. లోపలి మనిషి అంతకుముందే బయటికి పంపిన నకలుతో పోల్చగా చెరిపినవేవో తేలిపోయాయి. లండన్‌లో 400 మీటర్ల హర్డిల్స్ గెలిచిన నటాలియా అంత్యుఖ్ ఫలితం 2022లో రద్దయింది ఈ డేటా ఆధారంగానే, సీసా లేకుండా. ఆ రోజు అంత్యుఖ్ 52.70 సెకన్లు, అమెరికాకు చెందిన లషిండా డీమస్ 52.77. డీమస్ మెడలో స్వర్ణం పడింది 2024 ఆగస్టు 9న, ఈఫిల్ టవర్ ఎదుట, పరుగు ముగిసిన 12 ఏళ్ల ఒక రోజుకి.