మొక్కలు కాంప్లిమెంట్‌ని ఆపుతాయా? అపోహలు - వాస్తవాలు

రక్తంలో 30కి పైగా ప్రోటీన్లు కలిసి చేసే కాపలా పేరు కాంప్లిమెంట్. సూక్ష్మజీవి కనబడితే ఒకదాని తర్వాత ఒకటి మేల్కొని, చివరికి దాని పొరకు చిల్లు పెడతాయి. మన కణాల మీదే తిరగబడితే మాత్రం కిడ్నీలు, ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. అందుకే దాన్ని అణిచే పదార్థాల కోసం మాలాంటి పరిశోధకులం మొక్కల్లో వెతుకుతుంటాం.

అపోహ: తిప్పతీగ ఇమ్యూనిటీ పెంచుతుంది, అంతే.

వాస్తవం: అందులోని సిరింజిన్, కార్డియాల్ కాంప్లిమెంట్ క్లాసికల్ దారిలో (యాంటీబాడీలతో మొదలయ్యే దారి) సీ3 అనే ప్రోటీన్‌ని చీల్చి మేల్కొలిపే ఎంజైమ్ అయిన సీ3 కన్వర్టేజ్‌ని అడ్డుకున్నాయని 1997లోనే అచ్చయింది. అదే పేపర్లో మరో రకం రోగనిరోధక స్పందన పెరిగిందనీ ఉంది. ఇమ్యూనిటీ అంతా ఒకేసారి పెరిగి, ఒకేసారి తగ్గేది కాదు.

అపోహ: టెస్టులో కాంప్లిమెంట్ ఆగిందంటే మందు దొరికినట్టే.

వాస్తవం: ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. యాంటీబాడీ పట్టించిన గొర్రె ఎర్ర రక్తకణాలకు సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం, కాంప్లిమెంట్ ఉండేది ఇందులోనే), పరీక్షించే మొక్క సారం కలిపి 37 డిగ్రీల దగ్గర ఉంచుతాం. కాంప్లిమెంట్ పనిచేస్తే కణాలు పగిలి, సెంట్రిఫ్యూజ్ చేశాక పైన ద్రవం ఎర్రగా ఉంటుంది. పనిచేయకపోతే కణాలన్నీ అడుగున చేరి, పైన తేటగా ఉంటుంది. ఆ తేట చూసి సంబరపడితే అయిపోయినట్టే. సారంలో సిట్రేట్ లాంటిది ఉంటే కాల్షియాన్ని పట్టేస్తుంది, క్లాసికల్ దారి మొదలే కాదు. టెస్టు ద్రవం (బఫర్)‌లో కాల్షియం పెంచి చూడండి, ఆ ‘మందు’ మాయమవుతుంది. కరక్కాయ లాంటి వగరు సారాల్లో టానిన్లు కనబడ్డ ప్రతి ప్రోటీన్‌కీ అతుక్కుంటాయి. కుంకుడుకాయ సాపోనిన్లు కాంప్లిమెంట్‌తో పనిలేకుండానే కణాలను పగలగొడతాయి. కొన్ని పాలీసాకరైడ్లది (పొడవాటి చక్కెర గొలుసులు) ఇంకా తమాషా: కాంప్లిమెంట్‌ని ముందే రెచ్చగొట్టి ఖర్చు చేయించేస్తాయి. కణాల దాకా వచ్చేసరికి ఏమీ మిగలదు, మనం దాన్ని నిరోధం అనుకుంటాం. సారం ఒక్కటే కణాలను పగలగొడుతోందేమో చూసే, సీరం వేయని ట్యూబు కూడా పెట్టని పేపర్ దొరికితే నేను గ్రాఫు దాకా వెళ్లను.

అపోహ: అయితే ఇదంతా బోగస్.

వాస్తవం: కాదు. రోజ్‌మేరీ, తులసి, పుదీనాల్లో ఉండే రోస్మరినిక్ ఆమ్లం అప్పుడే మేల్కొన్న సీ3బీకి (సీ3 చీలితే వచ్చే ముక్క) గట్టిగా అతుక్కుని, అది కణం మీద కూర్చోకుండా చేస్తుందని 1999లో తేలింది. అందుగు బంకలోని బాస్వెల్లిక్ ఆమ్లాల మీద కూడా 1992 నాటి పని ఉంది.

అపోహ: అలాగైతే తులసి టీ చాలు.

వాస్తవం: డెసిలీటరు రక్తంలో ఒక్క సీ3యే మామూలుగా 90 నుంచి 180 మిల్లీగ్రాములు. తాగిన రోస్మరినిక్ ఆమ్లంలో రక్తంలోకి చేరేది కొంచెమే, అదీ చాలావరకు రూపం మారి. టీ తాగండి, బాగుంటుంది.

అపోహ: మొక్కది కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు.

వాస్తవం: నిజంగా ఆపితే కాపలా తగ్గినట్టే. 2007లో ఆమోదం పొందిన ఎక్యులిజుమాబ్ అనే మందు కాంప్లిమెంట్‌లోని సీ5 అనే ప్రోటీన్‌ని ఆపుతుంది. దాంతో మెనింగోకాకల్ ఇన్ఫెక్షన్ (మెదడు పొరలకు, రక్తానికి సోకే ప్రమాదకరమైన బ్యాక్టీరియా జబ్బు) ముప్పు బాగా పెరుగుతుంది కాబట్టి, కనీసం 2 వారాల ముందే టీకా వేయమంటారు. మొక్క నుంచి అంత బలమైనది దొరికినా ఇదే జాగ్రత్త తప్పదు.

లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు) ఉన్నవాళ్లు తరచూ అడుగుతారు: ‘రిపోర్టులో సీ3 తక్కువే ఉంది కదా, ఇంకా అణచడమెందుకు?’ లూపస్‌లో అది తగ్గేది ఎక్కువగా జబ్బు దాన్ని ఖర్చు చేయడం వల్ల. అప్పుడు మీ అంతట మీరు తిప్పతీగ మొదలుపెట్టొద్దు, డాక్టర్ రాసిన మందు మానొద్దు. ఇప్పటికే ఏదైనా పొడి వాడుతుంటే ఆ డబ్బా తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి.