గ్రంథాలయంలో ఫ్రీ ప్రోగ్రాములు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. పిల్లలకు కథలు, పుస్తక చర్చ, స్పోకెన్ ఇంగ్లిష్, రెజ్యూమె రాయడం, అప్పుడప్పుడు యోగా, ఇలా ఏదో ఒకటి పెడుతూనే ఉంటాం. గోడ మీద నోటీసు అంటించగానే "ఎవరు మాట్లాడతారు?" అని అడిగేవాళ్లు తక్కువ, "చివర్లో ఏం అమ్ముతారు సార్?" అని అడిగేవాళ్లే ఎక్కువ.

అపోహ: ఉచితం అన్నారంటే వెనకాల ఏదో మతలబు ఉంటుంది.

వాస్తవం: వెనకాల ఉన్నది మీ డబ్బే. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నారు, 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద రూపాయికి 8 పైసలు, అంటే 5,000 పన్ను మీద 400. అద్దెకుండేవాళ్లు "మేం కట్టలేదుగా" అంటారు. ఓనరు కట్టేది మీ అద్దెలోంచే కదండీ! అయితే మీ అనుమానం పూర్తిగా ఉత్తిది కూడా కాదు. ఫ్రీ సెమినార్ పేరుతో హాలు అడిగి, చివర్లో కోచింగ్ ఫీజుల కరపత్రాలు పంచుదామని చూసేవాళ్లు ఉంటారు. అందుకే కరపత్రాలు పంచబోమని, ఎవరి ఫోన్ నంబరూ తీసుకోబోమని ముందే రాయించుకుంటాం.

అపోహ: మెంబర్‌షిప్ ఉంటేనే రానిస్తారు.

లేదు. పుస్తకం ఇంటికి తీసుకెళ్లాలంటేనే మెంబర్‌షిప్, డిపాజిట్. పేపర్ చదువుకోవడానికైనా, ప్రోగ్రాముకైనా నేరుగా వచ్చేయొచ్చు.

అపోహ: లైబ్రరీ అంటే గ్రూప్స్‌కు ప్రిపేరయ్యేవాళ్ల చోటు, అక్కడ మైకు పెడితే వాళ్ల చదువు పాడు.

ఇందులో సగం నిజముంది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం వైపు ఎప్పుడైనా వెళ్లి చూడండి, కుర్చీ దొరకడమే గొప్ప. అక్కడ కూర్చున్న పిల్లల్లో చాలామంది ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్ గదుల్లో సర్దుకుంటున్నవాళ్లు, వాళ్లకు ఇంకో చోటు లేదు. కాబట్టి చదువుకునే గదిలో ప్రోగ్రాము పెట్టడం తప్పే, నా మాట ఇదే. మా దగ్గర పక్క హాల్లో, మైకు లేకుండా, జంపఖానా పరిచి కూర్చుంటాం. మైకు లేకపోతే వక్త కూడా ఉపన్యాసం మాని మామూలుగా మాట్లాడతాడు, అదో లాభం.

అపోహ: ఇదంతా ఇప్పుడొచ్చిన ఫ్యాషన్.

1901 సెప్టెంబరు 1న ఇదే ఊళ్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టారు. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు లాంటివాళ్లు పూనుకున్నారు. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకే దిక్కులేని రోజులవి. అలాంటప్పుడు తెలుగువాళ్లు ఒకచోట చేరి మాట్లాడుకోవడానికి అది నీడ అయింది, ఉత్త పుస్తకాల బీరువాగా ఉండిపోలేదు.

అపోహ: వ్యక్తిత్వ వికాసం అంటే చప్పట్లు కొట్టించే మోటివేషన్ స్పీచ్.

నాకైతే అలాంటివి నచ్చవు, ఇంటికెళ్లేసరికి ఆవిరైపోతాయి. పనికొచ్చేది చిన్నదిగా ఉంటుంది. రెజ్యూమె క్లాసులో ఒకబ్బాయి రెండు పేజీలు తెచ్చాడు. నాన్న పేరు, మతం, ఎత్తు, హాబీలు, కింద "ఐ హియర్‌బై డిక్లేర్" అన్నీ ఉన్నాయి, కానీ రెండేళ్లు మెడికల్ షాపులో స్టాక్ రిజిస్టర్ చూసిన సంగతి ఎక్కడా లేదు! "అది ఉద్యోగమా అక్కా?" అని నేర్పించే అమ్మాయినే అడిగాడు. ఆవిడ పెన్సిల్‌తో అవన్నీ కొట్టేసి, మెడికల్ షాపు పనిని పేజీ పైన రాయించింది. అంతే, పావుగంట పని. స్పోకెన్ ఇంగ్లిష్‌లోనూ గ్రామర్ పాఠం కంటే బ్యాంకుకు ఫోన్ చేసినట్టు ఇద్దరిద్దరిని మాట్లాడిస్తేనే నోరు తిరుగుతుంది.

అపోహ: ఏముందీ, శాలువాలు, బొకేలు, వందన సమర్పణ.

దీనికి నా దగ్గర జవాబు లేదు, చాలాచోట్ల జరిగేది అదే. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాల్లో వ్యాసరచన, క్విజ్, ముగ్గుల పోటీలకు పిల్లలు ఉత్సాహంగా వస్తారు, తీరా బహుమతుల రోజున వేదిక మీద పెద్దలు ఒక్కొక్కరే మాట్లాడుతుంటే కింద కూర్చుని ఆవలిస్తుంటారు. మేం బహుమతులు ముందు ఇచ్చేసి, ప్రసంగాలు తర్వాత పెట్టడం మొదలుపెట్టాం. వినాలనుకున్నవాళ్లే మిగులుతారు. చెప్పిన కథ తాలూకు పుస్తకాన్ని కూడా అక్కడే బల్ల మీద ఉంచుతాం, పిల్లల్ని దింపడానికొచ్చిన అమ్మలే ముందు పేజీలు తిరగేస్తారు.

అపోహ: వక్త అంటే పేరున్నవాళ్లే అయ్యుండాలి.

అక్కర్లేదు. రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఓటీపీ మోసాల గురించి చెప్పినా, హరికథ తెలిసిన పెద్దాయన ఒక ఘట్టం వినిపించినా జనం వింటారు. మీకు వచ్చిన విద్య ఏదైనా సరే, తెల్లకాగితం మీద ఏం చెప్తారో, ఎంతసేపో రాసి మీ దగ్గర్లోని లైబ్రేరియన్‌కు ఇవ్వండి. గ్రూప్స్ నోటిఫికేషన్ పడ్డ నెలలో మాత్రం హాలు అడక్కండి, మా హాల్లో కూడా అప్పుడు బల్లలు వేసేస్తాం.