అరకు కాఫీ తోటలకు వెళ్ళే పిల్లలకు

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. డిసెంబరు సెలవుల్లో మీరందరూ కలిసి అరకు వెళ్తున్నారని తెలిసి చాలా సంతోషించాను. అరకు అనగానే పొగమంచు, బొర్రా గుహలు, బొంగు చికెన్ అని అందరూ చెబుతారు, అవన్నీ చూడదగినవే. అయితే ఆ కొండల్లో మీరు తీరిగ్గా నిలబడి చూడవలసింది కాఫీ తోటలనూ, వాటిలో పనిచేసే మనుషులనూ అని నా గట్టి అభిప్రాయం. అందుకే ఈ సంగతులు ముందుగా రాస్తున్నాను.

వెళ్ళేటప్పుడు రైలెక్కండి. విశాఖపట్నం నుంచి కిరండోల్ వెళ్ళే బండి ఉదయం ఏడు గంటలలోపే బయలుదేరుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి 1960లలో వేసిన మార్గం అది. సొరంగాల తరువాత సొరంగాలు దాటుతూ ఎక్కిన బండి శిమిలిగుడ స్టేషను చేరేసరికి సముద్రమట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి కాఫీకి ఆ ఎత్తే ఆధారం. అక్కడ పండే అరబికా అనే కాఫీ రకానికి చల్లటి గాలి, మంచి వాన, నీరు నిలవని వాలు నేల కావాలి. ఈ మూడూ తూర్పు కనుమల్లో అంత ఎత్తున ఒకేచోట దొరుకుతాయి. తిరుగు ప్రయాణం అనంతగిరి మీదుగా రోడ్డు మార్గాన పెట్టుకుంటే తోటలు దారి పక్కనే కనిపిస్తాయి.

తోట అంటే వరుసగా కత్తిరించిన పొదలు కనిపిస్తాయని ఎదురుచూడకండి. దూరం నుంచి చూస్తే అది అడవిలాగే ఉంటుంది. పైన నిటారుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మొదళ్ళను పట్టుకుని పైకి పాకిన మిరియాల తీగలు, ఆ నీడలో మనిషెత్తు కాఫీ మొక్కలు ఉంటాయి. నీడ లేకపోతే ఎండకు ఆకులు మాడిపోతాయి. పైనుంచి రాలిన ఆకు నేలను కప్పి తేమను కాపాడుతుంది, వానకు మట్టి కొట్టుకుపోకుండా ఆపుతుంది. మిరియాలు రైతుకు రెండో ఆదాయం.

మన మన్యంలో కాఫీ మొదట 1898లో తూర్పు గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో నాటారు. తరువాతి కాలంలో అటవీ శాఖ, ఆపైన పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ దీన్ని విస్తరించాయి. పోడు కొట్టి, అంటే అడవిని నరికి కాల్చి చోటు మార్చుకుంటూ సాగుచేసి, బతికే ఆదివాసీ కుటుంబాలకు మొక్కలిచ్చి, ఒకేచోట నిలిచి ఉండే పంటగా కాఫీని అలవాటు చేశారు. కర్ణాటకలోని కొడగు, చిక్కమగళూరుల్లో పెద్ద పెద్ద ఎస్టేట్లు ఉంటాయి. అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాల్లో మాత్రం ఎక్కువగా ఒక్కో కుటుంబానికి ఎకరమో రెండెకరాలో ఉంటుంది. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనడానికి వీల్లేదని చెప్పే 1/70 చట్టం వల్లనే ఆ నేల ఇప్పటికీ వారి చేతుల్లో ఉంది. కంచె కనిపించలేదని ఎవరి తోటలోకీ దూరకండి. పెద్దవారు కనిపిస్తే పలకరించి, అడిగి, వారు రమ్మంటేనే వెళ్ళండి. ఫొటో తీసుకోవాలన్నా అంతే.

డిసెంబరు కోతల కాలం కాబట్టి మీరు అదృష్టవంతులు. ఒకే కొమ్మ మీద ఆకుపచ్చ కాయ, పసుపు తిరిగిన కాయ, ఎర్రగా పండిన కాయ పక్కపక్కనే కనిపిస్తాయి, ఎందుకంటే పూత అంతా ఒకేసారి రాదు. పండినవాటినే ఏరి కోయాలంటే ఒకే మొక్క దగ్గరికి మూడు నాలుగు సార్లు రావాలి. కొమ్మ మొత్తం ఒక్కసారిగా దూసేస్తే పని త్వరగా తెములుతుంది గాని పచ్చికాయలు కలిసి రుచి చెడుతుంది, ధర తగ్గుతుంది. 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే కాఫీ దుకాణం వెలిసిందంటే దాని వెనుక ఓపికగా ఎర్రటి పండునే కోసిన వేళ్ళున్నాయి. దుకాణం కన్నా ఆ వేళ్ళ పని గొప్పదని నేననుకుంటాను.

రైతు ఒక పండు మీ చేతిలో పెడితే రెండు వేళ్ళ మధ్య నొక్కి చూడండి. తోలు చిట్లి, తియ్యటి జిగురుతో జారిపోతూ రెండు గింజలు బయటికి వస్తాయి. వాటి చదునైన ముఖాలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పండు తోలు ఒలిచే యంత్రమైన పల్పర్‌లో పండ్లు పోసి తిప్పితే జరిగేది అదే. ఆ తరువాత గింజలను ఒక పగలూ రాత్రీ పులియనిచ్చి, జిగురు వదిలేదాకా కడిగి, కళ్ళంలో ఎండబెడతారు. మాటిమాటికీ కలియదిప్పాలి, మంచు పడే వేళకు కప్పాలి. పలచటి పెంకుతో ఎండిన ఆ గింజలను పార్చిమెంటు అంటారు. పండును ఒలవకుండా అలాగే ఎండబెడితే దాన్ని చెర్రీ అంటారు. ఇంచుమించు ఆరు కిలోల పండ్లకు ఒక కిలో గింజలు మిగులుతాయి.

మల్లెల వాసన వేసే కాఫీ పూత మాత్రం మీకు దొరకదు. అది వేసవి తొలి జల్లులకు మార్చి, ఏప్రిల్ నెలల్లో విచ్చుకుని కొద్ది రోజుల్లోనే రాలిపోతుంది.

ఒక విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను: గుర్తుగా దాచుకుందామని పచ్చికాయలు గాని, పండ్లు గాని జేబులో వేసుకోకండి. కాఫీ కాయను తొలిచే పురుగు 2025లో అరకు ప్రాంతపు తోటల్లో బయటపడింది. అది కాయలోకి దూరి గింజలోనే గుడ్లు పెడుతుంది. పురుగు పట్టిన కాయ ఎక్కడికి చేరితే అక్కడికి అదీ చేరుతుంది. మీరు ఒక తోటలో కోసి మరో తోట దగ్గర పారేసిన కాయ ఒక కుటుంబపు ఏడాది పంటను పాడుచేయగలదు.

ఇంటికి తేవాలనుకుంటే పొడి కొనండి. గిరిజనుల దగ్గర కాఫీ కొనే గిరిజన సహకార సంస్థకు అక్కడ దుకాణాలున్నాయి. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి ఆ పేరు కోసం చూడండి. కాఫీ పొడిలో చికోరీ అనే వేరు పొడి కలుపుతుంటారు, ప్యాకెట్టు మీద అది ఎంత శాతం కలిపారో రాసి ఉంటుంది, చదవండి. మొదటిసారి చికోరీ లేనిదే తెచ్చి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోయమని అమ్మకు చెప్పండి. డికాషన్ కాస్త పలచగా దిగినట్టు కనిపించినా కంగారుపడి పొడి ఎక్కువ వేయవద్దనండి. చికోరీ లేని కాఫీ రంగు అంతే ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య