మీటరు 24 వోల్టులు చూపిస్తుంది, కాయిల్ మాత్రం లాగదు

ఇంజన్ బాగానే తిరుగుతోంది. లీవర్లు లాగితే బూమ్ లేవదు, బకెట్ ముడవదు, చైన్లు కదలవు. ప్రొక్లెయిన్ ఇలా మొండికేస్తే సైట్లో మొదట వినిపించే మాట "పంపు పోయింది". పంపు విప్పితే ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది. కానీ అన్ని కదలికలూ ఒకేసారి ఆగిపోయినప్పుడు పంపును అనుమానించడం తొందరపాటు. రెండు మెయిన్ పంపులూ ఒకే క్షణాన చెడిపోవడం చాలా అరుదు. సీటు పక్కనున్న సేఫ్టీ లీవరు, దాని అడుగున ఉండే చిన్న స్విచ్చి, అక్కడి నుంచి పైలట్ లాక్ సొలినాయిడ్ (కాయిల్‌కు కరెంటు అందగానే అయస్కాంతమై ఆయిల్ దారి తెరిచే వాల్వు) దాకా వెళ్లే వైరు, ముందు చూడాల్సినవి ఇవే.

20 టన్నుల తరగతి బండ్లలో చాలావాటికి మెయిన్ కంట్రోల్ వాల్వు స్పూళ్లను (పంపు ఆయిల్‌ను బూమ్, బకెట్, చైన్లకు పంచే జారుడు కడ్డీలను) జరిపేది పైలట్ ఆయిల్, అంటే తక్కువ పీడనంతో లీవరు ఆజ్ఞను మోసే ఆయిల్. దాని పీడనం 35 నుంచి 40 బార్లు. ఆ ఆయిల్ లీవర్ల కింది వాల్వులకు చేరాలంటే లాక్ సొలినాయిడ్ తెరుచుకోవాలి. దానికి ఒక ఆంపియరు కరెంటు కూడా అక్కర్లేదు. అది అందకపోతే 340 బార్ల పీడనం ఇవ్వగల పంపులు కూడా ఉత్తినే తిరుగుతుంటాయి.

చెయ్యి పెట్టేముందు బకెట్‌ను నేలకు ఆనించాలి. పైలట్ లైనులో అక్యుములేటర్ (పీడనాన్ని నిల్వ ఉంచే చిన్న సీసా) ఉన్న బండిలో ఇంజన్ ఆపేసినా కాసేపు పీడనం నిలిచే ఉంటుంది, లీవరు తగిలితే బూమ్ కదలొచ్చు. అందుకే ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లోనూ సేఫ్టీ లీవరును పని చేసే స్థితిలోనూ ఉంచి, లీవర్లను నాలుగైదుసార్లు అటూ ఇటూ ఆడించి దాన్ని ఖాళీ చేయాలి. తర్వాత అదే స్థితిలో స్క్రూడ్రైవరు మొనను కాయిల్ చివరి నట్టుకు ఆనించి చూడాలి. అయస్కాంతంలా గట్టిగా పట్టుకుంటే కరెంటు చేరుతున్నట్టే. అసలు పట్టుకోకపోతే వైరింగులోనో కాయిల్‌లోనో వెతకాలి. పట్టీ పట్టనట్టు ఉంటేనే అసలు చిక్కు. చాలామంది దారి తప్పేది అక్కడే.

ఎలాగంటే, కనెక్టరు ఊడదీసి మల్టీమీటరు పెడతారు. 24 వోల్టులు చూపిస్తుంది. "కరెంటు వస్తోంది, కాయిలే పోయింది" అని కొత్త కాయిల్ వేస్తారు. అదీ పని చేయదు. ఇక పంపు మీద పడతారు.

డిజిటల్ మీటరు లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓంలు. అంటే 24 వోల్టుల దగ్గర అది తీసుకునే కరెంటు సుమారు 2.4 మైక్రో ఆంపియర్లు. దారిలో తుప్పు పట్టిన పిన్ను ఒకటి 16 ఓంల నిరోధం పెడుతోందనుకుందాం. అంత చిన్న కరెంటుకు ఆ 16 ఓంల దగ్గర వోల్టులో పదివేలో వంతు కూడా తగ్గదు. ఖాళీ లారీని మోసిన వంతెన లోడు లారీని మోస్తుందన్న హామీ లేదు కదా. అదే చోట 32 ఓంల కాయిల్ తగిలిస్తే మొత్తం నిరోధం 48 ఓంలు. కరెంటు 0.75 ఆంపియర్లు ఉండాల్సింది 0.5కి పడిపోతుంది. కాయిల్‌కు 16 వోల్టులే దక్కుతాయి, మిగతా 8 తుప్పు దగ్గరే ఖర్చవుతాయి. సొలినాయిడ్ లాగే బలం దాదాపుగా కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక బలం సగానికన్నా తగ్గిపోతుంది.

దీనికి వేడి తోడవుతుంది. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 32 ఓంలున్న కాయిల్, 80 డిగ్రీలకు దాదాపు 39.5 ఓంలకు చేరుతుంది. తుప్పు కూడా కలిస్తే కరెంటు 0.43 ఆంపియర్లే. పొద్దున బాగా నడిచిన బండి మధ్యాహ్నం ఆగిపోయి, చల్లారాక మళ్లీ నడవడానికి ఇదొక ముఖ్య కారణం. ఆయిల్ పలచబడి పంపులో లీకవడం వల్లా ఇలాగే జరగొచ్చు. తేడా తేల్చేది మీటరే, సరిగ్గా పెడితే.

సరిగ్గా పెట్టడమంటే కనెక్టరు ఊడదీయకుండా, కాయిల్ పని చేస్తుండగా కొలవడం. పిన్ను వెనక నుంచి సన్నని ప్రోబు దూర్చాలి. వైరు తొడుగుకు సూది గుచ్చితే ఆ కంతలోంచే రేపు నీరు చేరుతుంది. మీటరు ఒక కొన బ్యాటరీ ప్లస్సుకు, రెండోది కాయిల్ ప్లస్ పిన్నుకు పెట్టండి. తర్వాత కాయిల్ ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య చూడండి. ఏ వైపైనా అర వోల్టు దాటితే నష్టం ఆ వైపే ఉంది. అక్కడి నుంచి ఫ్యూజు, రిలే, స్విచ్చి ఒక్కొక్కటీ దాటుకుంటూ వెళ్తే దోషం ఒక కనెక్టరు దగ్గర పట్టుబడుతుంది. ఎర్త్ వైపు కొలవడం చాలామంది మరిచిపోతారు. దోషాలు అక్కడా తక్కువేం కాదు.

ఈ పద్ధతి ఆన్-ఆఫ్ కాయిళ్లకే, అంటే పూర్తిగా లాగడమో వదలడమో చేసేవాటికే. పంపు మీదుండే ప్రపోర్షనల్ కాయిల్ (కరెంటు ఎంతైతే అంతే కదిలేది) సంగతి వేరు. బండి కంప్యూటరైన కంట్రోలరు దానికి కరెంటును తునకలు తునకలుగా పంపుతుంది కాబట్టి వోల్టులు చూసి ఏమీ తేల్చలేం. కాయిల్‌తో వరుసలో మీటరు పెట్టి మిల్లీ ఆంపియర్లు చూడాలి, లేదా మానిటర్ సర్వీసు పేజీలో చదవాలి. దానికి నేరుగా 24 వోల్టులు ఇచ్చి చూడటం మాత్రం వద్దు. 17.5 ఓంల కాయిల్, 700 మిల్లీ ఆంపియర్ల హద్దు అనుకుంటే నేరుగా ఇచ్చినప్పుడు దాదాపు 1.4 ఆంపియర్లు పారుతుంది, వేడి నాలుగింతలవుతుంది. ఇంకో తిరకాసు ఉంది. కొన్ని బండ్లలో కరెంటు పెరిగితే పంపు ఎక్కువ ఆయిల్ ఇస్తుంది, కొన్నిటిలో తగ్గిస్తుంది. అందుకే అదే వైరు తెగితే ఒక బండి నత్తనడక నడుస్తుంది, మరో బండి లోడు పడగానే ఇంజన్‌ను ఆపేస్తుంది. చాలా బండ్లలో కంట్రోలరును పక్కన పెట్టే ఎమర్జెన్సీ స్విచ్చి ఉంటుంది. అది వేస్తే పని సాగిందంటే పంపు జోలికి పోనక్కర్లేదు.

ఇక ఆయిల్ పీడనం కొలిచే ప్రెషర్ సెన్సర్లకు మూడు వైర్లు, 5 వోల్టుల సరఫరా, సిగ్నల్ చాలావరకు 0.5 నుంచి 4.5 వోల్టులు. మానిటరులో నాలుగైదు సెన్సర్ల కోడ్లు (లోపం చెప్పే అంకెలు) ఒకేసారి వస్తే అన్నీ కొనకండి. ఒక్కటి షార్టయినా ఉమ్మడి 5 వోల్టుల లైను కూలిపోతుంది. ఒక్కోటీ ఊడదీస్తూ పోతే, ఏది తీసినప్పుడు 5 వోల్టులు తిరిగొస్తాయో అదే దొంగ.

జె1939 అనే, భారీ వాహనాల కంట్రోలర్లు మాట్లాడుకునే పద్ధతిలో వచ్చే కోడ్లలో ఎస్‌పీఎన్ అనే అంకె ఏ భాగమో చెబుతుంది, ఎఫ్ఎంఐ అనే అంకె ఎలా చెడిందో చెబుతుంది. ఎఫ్ఎంఐ 3 అంటే వోల్టేజీ ఎక్కువ, 4 తక్కువ, 5 అంటే కరెంటు తక్కువ లేదా తెగిన వైరు, 6 అంటే కరెంటు ఎక్కువ లేదా ఎర్త్‌కు షార్టు. పైన చెప్పిన 16 ఓంల తుప్పుకు కోడ్ రాకపోవచ్చు కూడా, కరెంటు పూర్తిగా ఆగలేదు కనుక. మానిటరు కంట్రోలరుతో మాట్లాడటం మానేస్తే బ్యాటరీ తీసి, ఆ రెంటి మధ్య సమాచారం మోసే క్యాన్ వైర్లు రెంటి మధ్య ఓంలు చూడండి. రెండు చివర్లా ఉండే 120 ఓంల నిరోధాలు కలిసి 60 రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది.

బండి హార్నెస్ (వైర్ల కట్ట) ఎక్కువగా దెబ్బతినేది బూమ్ మొదట్లో, క్యాబ్ అడుగున, క్లిప్పు ఊడి వైరు ఇనుముకు రాసుకునే చోట. ప్రెషర్ వాష్ నీళ్లు కనెక్టర్లలో చేరతాయి, షెడ్డులో ఎలుకలు కొరుకుతాయి. తుప్పు పట్టిన పిన్నును గరుకు కాగితంతో రుద్దితే పైనున్న తగరం పూత పోయి ఇంకా త్వరగా తుప్పు పడుతుంది. కాంటాక్ట్ క్లీనరు కొట్టి, వదులైన ఆడ పిన్నును మార్చడమే మేలు. తెగిన వైర్లను మెలిపెట్టి టేపు చుట్టకుండా క్రింప్ చేసి, జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడగాలి. కనెక్టరు కింద వైరుకు చిన్న వంపు వదిలితే, వైరు వెంట జారే నీరు లోపలికి పోకుండా అక్కడే కారిపోతుంది.