చర్చలు సఫలం సరే, నర్సులను ఎవరు అడిగారు?

నర్సుల సమ్మె విరమణ వార్తలు మన దగ్గర ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. నాయకులు, అధికారులు పొద్దుపోయేదాకా కూర్చుంటారు. ‘చర్చలు సఫలం’ అని ప్రకటన వస్తుంది. తెల్లారేసరికి అందరూ డ్యూటీలో ఉంటారు. దేనికి ఒప్పుకున్నారన్నది చాలామంది నర్సులకు వాట్సాప్‌లోనే తెలుస్తుంది.

అమెరికాలోని ఓరెగాన్‌లో 2025 జనవరి 10న ప్రావిడెన్స్ ఆసుపత్రుల నర్సులు దాదాపు 5 వేల మంది సమ్మెకు దిగారు. ఫిబ్రవరి మొదట్లో యూనియన్, యాజమాన్యం ఒక తాత్కాలిక ఒప్పందానికి వచ్చాయి. ఓటింగ్ పెడితే ఎనిమిది ఆసుపత్రుల నర్సులూ దాన్ని తోసిపుచ్చారు. మళ్లీ చర్చలు జరిగి, రెండో ముసాయిదా ఫిబ్రవరి 24న ఓటింగ్‌లో నెగ్గాకే సమ్మె ముగిసింది. తిరుపతి, చిత్తూరు నర్సుల చేతికి అలాంటి ఓటు ఎందుకు రాలేదో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ఈ ప్రాంతంలో నర్సింగ్ మిషన్ ఆసుపత్రుల నీడన పెరిగింది. పొరుగునే ఉన్న వేలూరులో అమెరికన్ మిషనరీ డాక్టర్ ఐడా స్కడర్ 1909లో నర్సింగ్ స్కూలు పెట్టారు. 1946లో అక్కడే డిగ్రీ చదువు మొదలైంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ రోగుల ఆసుపత్రి వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లకు, 1993లో, టీటీడీ అండతో తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి మొదలైంది. ఎక్కడ చూసినా నర్సు పనికి ‘సేవ’ అన్న పేరే. ఆ గౌరవం నిజమైనదే. కానీ సేవ చేసేవాళ్లు జీతం గురించి నోరెత్తకూడదన్న మాట కూడా దాని వెంటే వచ్చింది.

చట్టం దగ్గరా ఇదే చిక్కు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఆసుపత్రికి వర్తిస్తుందా లేదా అని ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. వర్తిస్తుందని 1978లో బెంగళూరు వాటర్ సప్లై కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ చట్టంలో 12(3) ఒప్పందం అని ఒకటుండేది. కార్మిక శాఖ రాజీ అధికారి సమక్షంలో నాయకుల సంతకాలు పడితే చాలు, యూనియన్‌లో లేనివాళ్లకూ, రేపు ఉద్యోగంలో చేరబోయేవాళ్లకూ అది వర్తించేది. అంత బరువున్న కాగితాన్ని సంతకానికి ముందు సభ్యులకు చూపించి ఓటు అడగాలన్న నియమం మాత్రం అందులో ఎక్కడా ఉండేది కాదు. అసలు లోటు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

దీనికి తోడు నర్సులనే ముక్కలు చేశారు. రాత్రి 8 గంటలకు డ్యూటీ మారేటప్పుడు ఏ ప్రభుత్వ ఆసుపత్రి వార్డులోనైనా కాసేపు నిలబడి చూడండి. రిపోర్టు అప్పజెప్పే సిస్టర్ రెగ్యులర్, అందుకునే సిస్టర్ కాంట్రాక్టు, పక్క బెడ్ దగ్గర సెలైన్ మారుస్తున్న అమ్మాయి ఔట్‌సోర్సింగ్ అయి ఉండొచ్చు. పేషెంట్లు వాళ్లే, కేస్ షీట్లు అవే, జీతాలు మాత్రం వేరు. రెగ్యులర్ వాళ్లకు వేతన సవరణ సంఘం (పీఆర్సీ) ఉంది. ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె హక్కు లేదని 2003లో సుప్రీంకోర్టు చెప్పింది. ఔట్‌సోర్సింగ్ వాళ్లకేమో ఎవరితో బేరమాడాలో తెలియదు. పని చెప్పేది ఆసుపత్రి, జీతం వేసేది ఒకప్పుడు ఏజెన్సీ. 2019లో ఏజెన్సీల స్థానంలో ప్రభుత్వం ఆప్కాస్ అనే కార్పొరేషన్ పెట్టింది. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ దక్కాలని 2016లో సుప్రీంకోర్టు అన్నా వార్డులో ఆ తేడా పోలేదు.

ప్రైవేటు ఆసుపత్రుల విషయంలోనూ 2016లోనే ఒక కదలిక వచ్చింది. సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం 20 వేలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ జీతంతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. కేరళ నర్సులు 2017లో వీధికెక్కి, 2018 ఏప్రిల్‌లో 20 వేల కనీస వేతనానికి నోటిఫికేషన్ తెప్పించుకున్నారు.

2025 నవంబర్ 21 నుంచి 1947 చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. ఒకటికి మించి యూనియన్లుంటే, 51 శాతం మంది బలమున్న యూనియన్‌కే బేరమాడే హక్కు. అంత బలం ఎవరికీ లేకపోతే 20 శాతానికి తగ్గని యూనియన్లతో కౌన్సిల్ వేస్తారు. ధర్మసంస్థలు నడిపేవాటిని ‘పరిశ్రమ’ నిర్వచనం నుంచి ఈ కోడ్ తప్పించింది. ట్రస్టులు, మిషన్లు నడిపే ఆసుపత్రులున్న మన జిల్లాల్లో ఇది చిన్న విషయం కాదు. 1978లో తేలిన ప్రశ్న మళ్లీ మొదటికి వచ్చే ప్రమాదం ఉంది.

ఒప్పందంపై సభ్యుల ఓటు మాత్రం కొత్త కోడ్‌లోనూ తప్పనిసరి కాదు. అలాగని అడ్డూ లేదు. యూనియన్ తన నిబంధనావళిలో ఆ ఒక్క క్లాజు తనే రాసుకోవచ్చు. సంతకానికి ముందు ముసాయిదాను తెలుగులో అచ్చువేసి పంచాలి. నైట్ డ్యూటీ దిగినవాళ్లకూ అందేలా మూడు షిఫ్టుల్లోనూ రహస్య ఓటింగ్ పెట్టాలి.